మాసె అడిగిన ఫొటో

“మా ఇంట్లో మనిషేలెండి, లైటు పట్టుకుంటుంది” అన్నాడు బాబ్జీ.

పెళ్లికూతురి మేనమామ మామూలుగానే అడిగాడు, ఆవిడ కూడా ఫొటోలు తీస్తారా అండీ అని. అప్పుడు మాధవీలత మెడలో కెమెరా వేలాడుతూనే ఉంది. తెల్లవారకముందే లేచి అత్తగారికి కాఫీ కలిపి, కూతురు అన్వితకి క్యారేజీ సర్ది, బ్యాటరీలన్నీ ఛార్జింగు చూసుకుని, పెదకాకాని కల్యాణమండపానికి వచ్చి, పెళ్లికూతురి గదిలో పసుపు దగ్గర్నుంచి పూలజడ దాకా ప్రతి ఫొటో తనే తీసింది. లైటు అనే వస్తువుని ఆ రోజు సంచిలోంచి బయటికే తీయలేదు. అయినా ఆమె నవ్వింది. పెళ్లయిన పద్నాలుగేళ్లుగా అలవాటైన నవ్వది. ఆమె చేసిన పనిని ఆమె ఎదురుగానే ఇంకొకరిదని చెబుతున్నప్పుడు దానంతటదే ముఖం మీదికి వచ్చి కూర్చునే నవ్వు.

వినుకొండలో బాబ్జీ డిజిటల్ స్టూడియో అంటే తెలియనివాళ్లు తక్కువ. ముందు గది స్టూడియో, వెనకంతా ఇల్లు. మాధవీలత మంగళగిరి మగ్గాల ఇంటి పిల్ల. చిన్నప్పుడు నాన్న పక్కన కూర్చుని ఏ చీరకి ఏ అంచు నప్పుతుందో చెబుతుంటే, ఆయన “నీ కన్ను మంచిది తల్లీ” అని అదే రంగు వేసేవాడు. పెళ్లయ్యాక ఆ కన్ను స్టూడియో గచ్చు మీది దుమ్ము చూడ్డానికే పనికొచ్చింది కొన్నాళ్లు. ఒకసారి ఎవరో పెళ్లివారు పెళ్లికూతురి గదిలోకి మగవాళ్లు రాకూడదంటే, బాబ్జీ ఆమె చేతిలో పాత కెమెరా పెట్టి, ఏ బటన్ నొక్కాలో చూపించి లోపలికి పంపాడు. ఆ రోజు నుంచీ ఆడవాళ్ల వైపు ఫొటోలన్నీ ఆమెవే. ఆల్బమ్ తిరగేస్తూ జనం ఆగిపోయే పేజీలూ అవే. బాబ్జీ గారి చెయ్యే వేరండీ అనేవాళ్లు. బాబ్జీ గారు చొక్కా కాలరు సర్దుకునేవాడు. ఒకసారి ఆమె ఆల్బమ్ చివరి పేజీలో తన పేరు కూడా చిన్నగా వేయమని అడిగితే అతను కోప్పడలేదు, ముచ్చటపడ్డాడు. “మొగుడి పేరుంటే నీ పేరున్నట్టే కదే. రెండు పేర్లు వేస్తే విడిపోయామనుకుంటారు” అన్నాడు. అత్తగారు మాణిక్యమ్మ ఆ మాటకి కిలకిలా నవ్వింది. “మొగుడి పనిలో ఓ చెయ్యి వేస్తే అది కూడా పనేనా అమ్మాయ్? మేం గొడ్లకి గడ్డి కోసినప్పుడు గొడ్ల మీద మా పేర్లు రాయించుకున్నామా?”

ఆ మాఘమాసంలో పెళ్లిళ్లు ఊపిరి తిప్పుకోనివ్వడం లేదు. అలాంటప్పుడు గుంటూరు నుంచి జ్ఞానప్రసూనాంబ గారు ఫోన్ చేశారు. రిటైరైన లెక్చరరు, పిల్లల కోసం ఒక సంస్థ నడుపుతున్నారు. ఛత్తీస్‌గఢ్ అడవుల్లో తుపాకుల మధ్య ఉండలేక పిల్లల్ని చంకనేసుకుని వచ్చేసిన కోయ కుటుంబాలు చాలా ఉన్నాయి. మిరప కోతలకి మనవైపు వచ్చినవాళ్ల పిల్లలు ఎలా బతుకుతున్నారో ఫొటోలు కావాలన్నారు. గుంటూరులో ప్రదర్శన పెడతారట. బాబ్జీ ఒప్పుకున్నాడు కానీ ఎండలో పొలాల వెంట తిరిగే తీరిక అతనికి లేదు. “నువ్వెళ్లి ఓ రెండొందలు కొట్టుకురా. మొహాలు దగ్గరగా తియ్యి. ఏడుస్తుంటే ఇంకా మంచిది” అన్నాడు, అన్నంలో పెరుగు వేసుకుంటూ.

మాధవీలత వెళ్లింది వినుకొండ దాటాక చలమయ్య గారి మిరపచేలో దిగిన కోయ కూలీల ముఠా దగ్గరికి. కల్లంలో ఎర్రగా పరిచిన కాయల ఘాటుకి ముక్కూ కళ్లూ మండిపోతున్నాయి. చేను గట్టున పట్టాలు కప్పిన గుడిసెలు, రెండు కర్రల మధ్య కట్టిన చీర ఉయ్యాలలో ఒక పసిపిల్ల. కాస్త నడక వచ్చిన పిల్లలంతా కాయలు ఏరుతున్నారు. మాధవీలత కెమెరా ఎత్తగానే ఏరుతున్నవాళ్లు ఏరుతున్నట్టే వెనక్కి తిరిగిపోయారు. ఎవరూ పరిగెత్తలేదు, ఎవరూ కేక వేయలేదు. ఎవరో నేర్పినట్టు వీపులు మాత్రం చూపించారు.

సాలు మధ్యలోంచి ఒక సన్నటి మనిషి నడుముకి మిరపకాయల మూటతో గబగబా వచ్చింది.

“ఎవరక్కా నువ్వు? ఎవరు పంపారు?”

ఆమె పేరు మాసె. ఏటా కోతలకి వస్తూ వస్తూ తెలుగు నేర్చుకుంది. మాధవీలత సంస్థ గురించీ ప్రదర్శన గురించీ చెప్పింది. మాసె అంతా విని, మూట దించి, చేతులు చీరకి తుడుచుకుంది.

“మా ఊర్లో ఒకసారి ఫొటో తీశారు. యూనిఫారంవాళ్లు వచ్చి అందర్నీ వరసగా నిలబెట్టి తీశారు. తర్వాత ఆ ఫొటో పట్టుకునే వచ్చి మా తమ్ముణ్ణి ఎక్కించుకుపోయారు. వాళ్లు పోయాక అడవిలోవాళ్లు వచ్చారు. మీరెందుకు ఫొటో దిగారు అని మా ఆయన్ని కొట్టారు. చెయ్యి సరిగ్గా లేవదు ఇప్పటికీ.” ఆమె గొంతులో ఏడుపు లేదు, ఎక్కడ ఏ సామాను ఉందో చెబుతున్నట్టు చెప్పింది. “ఇక్కడున్నామని ఏ పక్కవాళ్లకీ తెలవకూడదు. ఊళ్లో మా అత్తామామ ఉన్నారు. మొహం వద్దక్కా. నా బిడ్డది అసలొద్దు.”

మాధవీలత కెమెరా మెడలోంచి తీసి ఒళ్లో పెట్టుకుంది. ఆ రోజు ఒక్క ఫొటో కూడా తీయలేదు. వాళ్లతో కూర్చుని కాయలకి తొడిమలు తీసింది. సాయంత్రానికి వేళ్లు భగభగమన్నాయి. మాసె కూతురు ఉంగి, ఎనిమిదేళ్లుంటాయేమో, నవ్వుతూ ఆముదం తెచ్చి ఆమె వేళ్లకి రాసింది. ఇంటికి వెళ్లాక బాబ్జీ అడిగిన మొదటి మాట “ఎన్ని కొట్టావ్?” అని. మాణిక్యమ్మ అడిగింది, “ఆ చేతులతోనే పప్పు కలుపుతావా అమ్మాయ్, అబ్బాయికి మంటెత్తదూ?” అని.

తర్వాత పెళ్లిళ్లకీ వంటకీ మధ్య దొరికిన పూటల్లా ఆమె చేలోకి వెళ్లింది. మొహాలు వద్దనుకున్నాక ఆమె కన్ను వేరేగా పనిచేయడం మొదలుపెట్టింది. ఆముదం రాసుకున్న చిన్న చేతులు. తమ్ముణ్ణి వీపుకి కట్టుకుని నడిచే అక్క నడుము. గట్టు మట్టి మీద పుల్లతో గీసిన ఇళ్లు. ప్రతి ఇంటికీ వెనకవైపు ఇంకో తలుపు ఉంది. అది ఎందుకని అడిగితే, ముందు నుంచి వస్తే అటు పోవాలి కదా అంది ఉంగి, ఆ సంగతి కూడా తెలియదా అన్నట్టు.

వాళ్లదొక ఆట. అందరూ కూర్చుని ఉండగా ఒకరు చప్పట్లు కొట్టి “వచ్చారు!” అంటారు. చేతికందిన ఒక్క వస్తువు తీసుకుని పక్కనున్న పత్తిచేలోకి దూరాలి. ఉత్తచేతులతో వెళ్లినవాళ్లు ఓడిపోయినట్టు, రెండు తీసుకున్నవాళ్లు దొరికిపోయినట్టు. పిల్లలు పగలబడి నవ్వుతూ ఆడుతున్నారు. విచ్చుకున్న పత్తి మధ్యలోంచి దూసుకుపోతున్న కాళ్లనీ, ఒక పిల్ల చేతిలో ఊగుతున్న అల్యూమినియం గిన్నెనీ తీస్తూ మాధవీలతకి ఒక్కసారిగా అనిపించింది, ఎవరైనా ఇప్పుడు చప్పట్లు కొడితే తను ఏం తీసుకుంటుంది? కెమెరా బాబ్జీది. కంప్యూటర్ స్టూడియోది. మంగళసూత్రం అతను కట్టినదే. బీరువాలో మంచి చీరలన్నీ ఎవరెవరో పెళ్లిళ్లలో పెట్టినవి, అత్తగారు ఏది ఎప్పుడు కట్టుకోవాలో చెప్పేవి. అన్విత ఉంది, కానీ అన్విత వస్తువు కాదు, తన కాళ్లతో తనే పరిగెత్తగలదు. పద్నాలుగేళ్లు ఒక ఇంట్లో తెల్లారింది మొదలు పొద్దుపోయేదాకా పనిచేసి, ఆ ఇంట్లో ఇది నాది అని పట్టుకుని పరిగెత్తడానికి ఒక్క గిన్నె లేదు. ఆ పిల్లల ముందు తను ఆట మొదలవకముందే ఓడిపోయింది. ఆ ఊహకి ఏడుపు రాలేదామెకి, ఒళ్లు మండింది. ఆ మంట ఆ పూటతో చల్లారలేదు.

కోతలు సగంలో ఉండగా మాసె ఒక కోరిక కోరింది. “నాకొక్క ఫొటో కావాలక్కా. నేనూ నా బిడ్డా. మొహాలతోనే. ఇల్లు తగలబడినప్పుడు మా అమ్మది ఒక్క ఫొటో ఉండేది, అదీ పోయింది. మా అమ్మ ఎట్లా ఉండేదో మర్చిపోతున్నా.” తర్వాత ఆమె కళ్లలోకి చూసి అంది, “నాకు తప్ప ఎవరికీ ఇవ్వకూడదు.”

“నీకు తప్ప ఎవరికీ ఇవ్వను” అంది మాధవీలత.

ఉంగి తలకి నూనె రాసి దువ్వారు. సాయంత్రపు ఎండ కల్లంలోని మిరపకాయల మీద పడి, ఆ ఎర్రదనం ఇద్దరి ముఖాల మీదికీ పాకింది. మాసె నవ్వలేదు. ఉంగి మాత్రం నవ్వు ఆపుకోలేక తల్లి భుజంలో సగం దాక్కుంది. ఆ ఫొటో తీసినప్పుడు మాధవీలతకి తెలుసు, ఇంత మంచిది తను ఇంతకుముందు తీయలేదని.

బాబ్జీ కూడా కంప్యూటర్లో ఒకటొకటిగా చూసి అదే అన్నాడు, అతని పద్ధతిలో. “వీపులూ కాళ్లూ ఏం చేసుకుంటామే? నీకు చెప్పి పంపిందేంటి, నువ్వు తెచ్చిందేంటి? ఆ, ఇదీ ఫొటో అంటే! ఇది ఫస్టు పెడతా.” అది ఆమెకివ్వాల్సినది, బయటికి వెళ్లకూడదు అని మాధవీలత అప్పుడే చెప్పింది. అతను ఊఁ కొట్టాడు. అతని ఊఁకి అర్థం ఏమీ లేదని తెలిసి కూడా ఆమె వంటింట్లోకి వెళ్లిపోయింది. పొయ్యి మీద సాంబారు పొంగుతోంది మరి.

వారం తర్వాత ఒక ఉదయం, ఇడ్లీ తింటూ బాబ్జీ తల్లికి ఫోన్ చూపిస్తున్నాడు. “చూడమ్మా, రేపు గుంటూరులో మన ఫంక్షను. టీవీలవాళ్లు కూడా వస్తున్నారట. ఫ్లెక్సీ ఇప్పుడే వేయించి పంపారు.” మాధవీలత చట్నీ గిన్నెతో వెనక నిలబడి చూసింది. గోడంత ఫ్లెక్సీ. దాని నిండా మాసె, ఉంగి. కింద చేను ఏ ఊరి పొలిమేరలో ఉందో రాసి ఉంది. మూలన ‘ఫొటో: బాబ్జీ, వినుకొండ.’

“ఇదెందుకు పంపారు? వద్దని చెప్పానుగా. అది మాసెది.”

“మాసె ఎవరు?”

“ఆ పిల్ల వాళ్లమ్మ. అది బయటపడితే అక్కడున్న వాళ్ల మనుషుల ప్రాణాల మీదికొస్తుందండీ.”

“వాళ్లేమన్నా పేపర్లు చదువుతారా, టీవీలు చూస్తారా? పది కాలాలపాటు చెప్పుకునే పని దొరికితే నీ గోలేంటి? మధ్యాహ్నం ఓణీల ఫంక్షనుంది, బ్యాటరీలు చూసుకో.”

“చట్నీ అలా పట్టుకుని నిలబడతావేం, అబ్బాయికి వడ్డించు” అంది మాణిక్యమ్మ.

మాధవీలత చట్నీ వడ్డించింది. గిన్నె లోపల పెట్టింది. స్టూడియోలోకి వెళ్లి మాసె ఫొటో తప్ప చేలో తను తీసినవన్నీ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకుని, ఆ ఫొటోని కంప్యూటర్లోంచీ, పంపిన మెయిల్లోంచీ తీసేసింది. మాసె కోసం ఎప్పుడో ప్రింటు తీసి సొరుగులో దాచిన ఫొటో సంచిలో పెట్టుకుంది. పాత కెమెరా మెడలో వేసుకుంది. బాబ్జీ స్నానానికి వెళ్లగానే అతని ఫోన్లోంచి కూడా ఆ బొమ్మ తీసేసింది. “ఎక్కడికమ్మా?” అంది బడికి బయల్దేరుతున్న అన్విత. “గుంటూరు. చేయాల్సిన పనొకటుంది” అని చెప్పి బస్సెక్కింది. పెళ్లయ్యాక ఇంట్లో చెప్పకుండా ఆమె ఎక్కిన మొదటి బస్సు అదే. నరసరావుపేట దాకా నిలబడే వచ్చింది. ఆ తర్వాత కిటికీ పక్క సీటు దొరికితే, సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

హాల్లో కుర్చీలు వేస్తున్నారు. వేదిక వెనక ఫ్లెక్సీ అప్పటికే కట్టేశారు. దగ్గర్నుంచి చూస్తే ఉంగి కన్ను ఒక్కటే మాధవీలత తలంత ఉంది. నిచ్చెన పక్కన తాళ్లు చుడుతున్న మనిషిని పేరడిగితే సాల్మన్ అన్నాడు.

“సాల్మన్ గారూ, ఆ ఫ్లెక్సీ దించాలి.”

“మేడమ్ చెప్పారా అండీ?”

“నేను చెబుతున్నా. ఆ ఫొటో తీసింది నేను.”

సాల్మన్ ఎటూ తేల్చుకోలేక నిలబడ్డాడు. మాధవీలత చీర కుచ్చిళ్లు ఎత్తి దోపుకుని నిచ్చెన ఎక్కడం మొదలుపెట్టింది. “పడతారండీ! పడతారు!” అంటూ అతను నిచ్చెన గట్టిగా పట్టుకున్నాడు. ఒక మూల ముడి విప్పేసరికి మాసె ముఖం సగం మడతపడి కిందికి వాలింది. కుర్చీలు వేసేవాళ్లంతా ఆగి చూస్తున్నారు. అప్పుడే జ్ఞానప్రసూనాంబ గారు లోపలికొచ్చారు.

“ఎవరమ్మా నువ్వు? ఏం చేస్తున్నావు?”

“మాధవీలత నా పేరు. బాబ్జీ గారి భార్యని. మీరు అడిగిన ఫొటోలన్నీ తీసింది నేను. ఇది ఇవ్వడానికి నేను ఒప్పుకోలేదు, ఇందులో ఉన్న మనిషీ ఒప్పుకోలేదు.” నిచ్చెన మీద నుంచే చెప్పింది. చేతులు రెండో ముడి విప్పుతూనే ఉన్నాయి.

“మీవారు అనుమతి పత్రం మీద సంతకం పెట్టారమ్మా. పిల్లల మేలు కోసమే కదా ఇదంతా. ఆ ముఖం చూస్తే ఎవరికైనా గుండె కరుగుతుంది.”

“కరిగినవాళ్లు రేపు ఇంటికెళ్లి పడుకుంటారండీ. వాళ్ల ఊళ్లో ఉన్న ముసలివాళ్ల తలుపు ఎవరు కొడతారో మనకి తెలియదు. ఈమె తమ్ముణ్ణి ఫొటో చూసే పట్టుకెళ్లారు.” మాసె చెప్పినదంతా ఆమె అక్కడే చెప్పింది. తన జీవితంలో ఇంతమంది ముందు ఇంతసేపు మాట్లాడటం అదే మొదటిసారి. పెద్దావిడ ఒక కుర్చీలో కూర్చున్నారు. కళ్లజోడు తీసి తుడుచుకుని, “పూర్తిగా దించెయ్ సాల్మన్” అన్నారు. తన దగ్గరున్న కాపీ ఆమె ఎదురుగానే తీసేశారు. ప్రింటింగు కుర్రాళ్లకి ఫోన్ చేసి తీయించారు. తర్వాత దిగులుగా, “మరి రేపు ఏం పెట్టమంటావమ్మా?” అన్నారు.

మాధవీలత పెన్‌డ్రైవ్ ఇచ్చింది. ల్యాప్‌టాప్‌లో పత్తిచేలోకి దూసుకుపోతున్న కాళ్ల దగ్గర ఆవిడ ఆగిపోయారు. ఆట సంగతి చెబితే ఆ ఫొటోని మళ్లీ వెనక్కి తిప్పి చూశారు. వెనక తలుపుల ఇళ్లు చూసి, “ఇవి మీవారు పంపనేలేదే” అన్నారు.

“ఆయనకి మొహాలు కావాలండీ. ఇవి పెట్టుకోండి. ఊరి పేరు వేయకండి. నా పేరు మాత్రం వేయండి, మాధవీలత అని. అంతే చాలు.”

ఆ మాట అనేసరికి ఫోన్ మోగింది. బాబ్జీ. ఎక్కడున్నావే, ఇక్కడ ఓణీల ఫంక్షనువాళ్లు నా పరువు తీస్తున్నారు, ఆ పిల్ల గదిలోకి నేనెలా వెళ్తాను అని అరుస్తున్నాడు. ఆమె అంతా విని, “నేను రావట్లేదండీ. లోపలి ఫొటోలు తీసేది నేనని వాళ్లకి చెప్పండి. అప్పుడు ఇంకో రోజు వచ్చి తీస్తాను” అని పెట్టేసింది. చెవి వేడెక్కింది. పెద్దావిడ మజ్జిగ తెప్పించి ఇస్తే ఒక్క గుక్కలో తాగింది.

ఫ్లెక్సీ చుట్టి చంకన పెట్టుకుని, పొద్దు వాలకముందే చలమయ్య గారి చేలో దిగింది. జరిగినదేదీ దాచలేదు. మాసె వింటున్నంతసేపూ ముఖం రాయిలా బిగుసుకుపోయింది.

“నీ మొగుడికి ఎందుకు చూపించావు?”

“చూపించలేదు మాసే. ఆ ఇంట్లో నాకంటూ దాచుకునే చోటు లేదు. ఇవాళ్టిదాకా లేదు.”

మాసె ఒప్పుకోలేదు, కాదనలేదు. ప్రింటు ఫొటో తీసుకుని చాలాసేపు చూసి జాకెట్లో పెట్టుకుంది. “నీ దగ్గరున్నది తీసెయ్” అంది. మాధవీలత కెమెరా తెరిచి చూపించి, ఎక్కడ నొక్కాలో చెప్పింది. మాసె మిరపమంట వేలితో తనే నొక్కింది. పెన్‌డ్రైవ్‌లోకి అది ఎక్కించనేలేదని కూడా మాధవీలత చెప్పింది. అప్పుడు మాసె ఫ్లెక్సీ చుట్ట విప్పింది. తన ముఖాన్ని అంత పెద్దగా చూసుకుని ఉలిక్కిపడింది. ఉంగి పడీపడీ నవ్వింది.

“కాల్చేద్దామా?” అంది మాధవీలత.

“ఎందుకు? గట్టి పట్టా. గుడిసె మీద కప్పుకుంటా, మొహాలు లోపలికి తిప్పి.” మాసె మూలనున్న అక్షరాల మీద వేలు పెట్టింది. “ఇదేం రాశారు?”

“మా ఆయన పేరు.”

“ఆయనెప్పుడొచ్చాడు ఇక్కడికి?”

“రాలేదు.”

మాసె కొడవలి తీసుకుని ఆ మూల కోసి పొయ్యి దగ్గర పడేసింది. ఇద్దరూ కలిసి పట్టా ఎత్తి గుడిసె మీద కప్పారు. చివర్లు తాడుతో బిగిస్తుంటే మళ్లీ ఫోన్ మోగింది. ఈసారి బాబ్జీ గొంతు వేరేగా ఉంది. ఏదో హైదరాబాదు పత్రికవాళ్లు ఆ ఫొటో గురించి విని అడిగారట, ముఖచిత్రం వేస్తారట. కంప్యూటర్లోనూ ఫోన్లోనూ లేదు, ఎక్కడ పెట్టావ్, జరిగిందేదో జరిగింది, అది ముందు పంపు అన్నాడు.

“లేదండీ. చెరిపేశాం.”

బాబ్జీ గొంతు చించుకున్నాడు. “చెరిపేయడమేంటే? ఎవర్నడిగి చెరిపావు?”

మాధవీలత తాడు ముడి గట్టిగా లాగి బిగించింది.

“మాసెనడిగి” అంది.